పన్ను చదువు: మనిషి ఒక గదిలో, కంపెనీ ఇంకో గదిలో

డిగ్రీ కాలేజీల్లో ఆదాయపు పన్ను చెప్పే లెక్చరర్ల నోట్సు 2026 ఏప్రిల్ 1న ఒక్కసారిగా పాతబడింది. 1961 చట్టం పక్కకు తప్పుకుని 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. ఉద్యోగుల నోళ్లలో నానిన 80సి ఇప్పుడు 123వ సెక్షన్. కొత్త స్లాబుల 115బీఏసీ 202 అయింది. 194 వెనక ఇంగ్లీషు అక్షరాల తోకలు తగిలించుకుని తిరిగిన టీడీఎస్ నిబంధనలన్నీ 393వ సెక్షన్‌లో పట్టికలుగా సర్దుకున్నాయి. మొదటి రోజే విద్యార్థిని తికమకపెట్టే 'గత సంవత్సరం', 'మదింపు సంవత్సరం' జంట పోయి 'పన్ను సంవత్సరం' ఒక్కటే మిగిలింది. 819 సెక్షన్లు 536కు, 47 అధ్యాయాలు 23కు దిగాయి. చట్టంలోని మాటలే 5 లక్షల 12 వేల నుంచి దాదాపు సగానికి తగ్గాయి.

సెక్షన్ నంబర్లు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి బుర్రలో ఇప్పుడు మిగిలేదెంత? పన్ను చదువును ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకసారి చూడడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. సిలబస్‌లో ఫలానా సవరణ చేరలేదన్న ఫిర్యాదు ఏటా వినేదే, ఏటా తీరేదే. నా ఫిర్యాదు వేరు. మన విశ్వవిద్యాలయాల్లో మనిషి పన్నును ఒక చోట, కంపెనీ పన్నును ఇంకో చోట చెబుతారు. లెక్క చేయించడం కామర్స్ వాళ్ల పని, తీర్పులు చదివించడం లా కాలేజీ పని, ఎందుకు వేస్తారో చెప్పడం ఎకనామిక్స్ వాళ్ల పని. డబ్బు మాత్రం ఈ గోడలన్నిటినీ రోజూ దాటుతూనే ఉంటుంది.

చరిత్ర పాఠం సాధారణంగా ఒక పేజీలో ముగుస్తుంది. 1857 తిరుగుబాటు ఖర్చు తీర్చుకోవడానికి 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చాడు, 1886లో స్థిరపడింది, 1922లో సమగ్ర చట్టం, 1961లో ఇంకొకటి. ఇంతే రాస్తే అయిదు మార్కులు. కానీ ఈ కథలో మన ప్రాంతానికి సంబంధించిన ముక్కను ఎవరూ చెప్పరు. విల్సన్ ప్రతిపాదనను బాహాటంగా వ్యతిరేకించినవాడు మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యాన్. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోనివే. తిరుగుబాటు ఉత్తరాదిన జరిగితే దాని ఖర్చు ఇక్కడి వాళ్లెందుకు మోయాలన్నది మద్రాసు వైపు గొణుగుడు. ఆయన తన అభ్యంతరాన్ని పత్రికలకెక్కించినందుకు లండన్ వెనక్కి పిలిపించింది. విల్సన్ అదే ఏడాది కలకత్తాలో చనిపోయాడు. రెండేళ్లకు ట్రెవెల్యాన్ ఆర్థిక సభ్యుడిగా తిరిగొచ్చాడు, 1865లో ఆ పన్ను గడువు తీరి పోయింది. పన్ను ఎవరి మీద పడాలి, ఎవరి ఖర్చుకు పడాలి అన్న ప్రశ్న ఈ దేశంలో పన్నుతో పాటే పుట్టిందని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ లేదు. నిజాం రాజ్యం దారి వేరు. అక్కడ ఆదాయపు పన్ను చట్టం 1357 ఫసలీలో వచ్చింది, 1950 ఏప్రిల్ 1 నుంచి భారత చట్టం వర్తించింది.

రేట్ల చరిత్రా అంతే ఆసక్తికరం. 1970ల మొదట్లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌చార్జితో కలిపి 97.75 శాతం పన్ను ఉండేది. పైన సంపాదించిన వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండుంబావు. వాంఛూ కమిటీ వద్దని చెప్పాక 1974లో 77కి దిగింది, 1985లో వి.పి. సింగ్ 50కి దించాడు, 1997లో చిదంబరం 10, 20, 30 అన్న మూడు మెట్లు కట్టాడు. ఇది కామర్స్ విద్యార్థికి చరిత్ర, ఎకనామిక్స్ విద్యార్థికి ప్రయోగశాల. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని వినే ఏర్పాటు మాత్రం లేదు.

ఇక కామర్స్ గదిలోకి వెళ్దాం. తెలుగు రాష్ట్రాల్లో పన్ను చదువుకు అసలు ఇల్లు బీకాం. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆదాయపు పన్ను పేపరు ఒకే బాటలో నడుస్తుంది. ముందు నివాస స్థితి, తరువాత జీతం, ఇల్లు, వ్యాపారం లేక వృత్తి, మూలధన లాభాలు, ఇతర ఆదాయాలు అనే ఐదు శీర్షికలు, చివర వ్యక్తి మొత్తం ఆదాయం. ఆ చివరి లెక్కతో పేపరు ఆగుతుంది. ఈ పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది. నెలాఖరుకు ఇంట్లో నాన్నగారి ఫారం 16 చేతిలో పెడితే ఎక్కడ ఏముందో ఆ పిల్లవాడు చెప్పగలడు. మన డిగ్రీల్లో ఇంటికి పనికొచ్చే పేపర్లు ఎన్ని ఉన్నాయి గనక!

లోపమూ అక్కడే ఉంది. సెమిస్టరులో ఎక్కువ వారాలు జీతం శీర్షికే తినేస్తుంది. ఇంటి అద్దె భత్యం, గ్రాట్యుటీ, అద్దె లేకుండా ఇచ్చిన క్వార్టర్స్ విలువ, కారు విలువ... ప్రాబ్లం మీద ప్రాబ్లం. 1962 నియమాల్లో ఇంటి అద్దె భత్యం లెక్కకు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులకు జీతంలో 50 శాతం, హైదరాబాద్‌తో సహా మిగతా ఊళ్లన్నిటికీ 40 శాతం ఉండేది. గచ్చిబౌలిలో అద్దెలు ఎక్కడికెక్కినా పరీక్షలో హైదరాబాద్ చిన్న ఊరుగానే ఉండేది. ఈ లెక్కల్లో చాలావాటికి బయట గిరాకీ పడిపోయింది. 2024 జూలై 31 నాటికి దాఖలైన 7.28 కోట్ల రిటర్నుల్లో 72 శాతం కొత్త విధానంలో వచ్చాయి. అందులో ఇంటి అద్దె భత్యం మినహాయింపు లేదు, 80సి లేదు. నూటికి డెబ్బై మంది వదిలేసిన లెక్కల మీద సగం సెమిస్టరు గడపడాన్ని ఎలా సమర్థించుకోవాలో నాకు తెలియదు. పాత విధానం బతికున్నంత కాలం చెప్పాలి, నిజమే. ఎంతసేపు చెప్పాలన్నదే ప్రశ్న.

కంపెనీ పన్ను ఎంకాంలో కాస్త, సీఏ, సీఎంఏ కోర్సుల్లో బాగా వస్తుంది. దాంతో బీకాం ముగించిన విద్యార్థికి పన్నంటే స్లాబులే అన్న అభిప్రాయం పడిపోతుంది. ఈ గోడ ఎంత అసహజమో చూడడానికి ఒక లెక్క చాలు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. ఏడాదికి 40 లక్షల లాభం. అన్నదమ్ములిద్దరిది. 2025-26 రేట్లు, కొత్త విధానం, వేరే ఆదాయం ఏదీ లేదు.

మిల్లు అన్నగారి ఒక్కడి పేరునే ఉంటే స్లాబుల ప్రకారం 7,80,000, దాని మీద 4 శాతం సెస్, వెరసి 8,11,200 రూపాయలు. అదే మిల్లు భాగస్వామ్య సంస్థ అయితే, సంస్థ లాభం మీద 30 శాతం సూటి రేటు, స్లాబులు లేవు. కానీ పనిచేసే భాగస్వాములకు ఇచ్చే పారితోషికాన్ని చట్టం పరిమితి వరకు ఖర్చుగా ఒప్పుకుంటుంది. మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆపైన 60 శాతం. అంటే 25,80,000. అది ఇద్దరూ సమానంగా తీసుకుంటే ఒక్కొక్కరికి 76,440 పన్ను. సంస్థలో మిగిలిన 14,20,000 మీద 4,43,040. మొత్తం 5,95,920. సంస్థ పన్ను కట్టాక మిగిలింది పంచుకుంటే దాని మీద భాగస్వాములకు మళ్లీ పన్ను లేదు.

ఇప్పుడు మిల్లును ప్రైవేట్ లిమిటెడ్ చేద్దాం. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్ కలిసి 25.168 శాతం, అంటే 10,06,720. మిగిలిన 29,93,280 డివిడెండుగా అన్నదమ్ములకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి మళ్లీ లక్షా ఎనిమిది వేల పైచిలుకు పన్ను. మొత్తం 12 లక్షల 24 వేలు. ఇంకేం, కంపెనీ పెట్టడం తెలివితక్కువ అనిపిస్తుంది. అక్కడితో ఆగకండి. అన్నదమ్ములిద్దరూ డైరెక్టర్లుగా చెరో 12,75,000 జీతం తీసుకున్నారనుకోండి. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షలు, రిబేటుతో పన్ను సున్నా. కంపెనీ లాభం 14,50,000కు తగ్గుతుంది, పన్ను 3,64,936. మిగిలింది కంపెనీలోనే ఉంచి కొత్త మెషిన్ కొంటే ఇంటిల్లిపాదీ కట్టిన పన్ను అంతే.

మిల్లు అదే, వడ్లు అవే, అన్నదమ్ములు వాళ్లే. పన్ను మూడున్నర లక్షల నుంచి పన్నెండు లక్షల దాకా ఊగింది. ఆ జీతాలు న్యాయమైనవేనా, చేసిన పనికి మించి ఇచ్చారా అని అధికారి అడగవచ్చు, చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఆ కంపెనీ లాభాల్ని ఎన్నేళ్లు దాచుకోగలదు? వాటాలు అమ్మితే ఏమవుతుంది? అన్నదమ్ములు విడిపోతే? హిందూ అవిభక్త కుటుంబం పేరున పెడితే? ఈ ప్రశ్నలన్నీ మిర్యాలగూడ ఆడిటర్ దగ్గరికి వారానికోసారి వస్తాయి. బీకాం పేపర్లో ఒక్కసారీ రావు. వ్యక్తి పన్ను ఒక సెమిస్టరులో, కంపెనీ పన్ను ఇంకో కోర్సులో ఉన్నంత కాలం ఇవి రావడానికి చోటే లేదు.

ఈ రెండంచెల పన్ను గురించి దేశాలు రకరకాల దారులు తొక్కాయి. ఆస్ట్రేలియాలో 1987 నుంచి కంపెనీ కట్టిన పన్నును వాటాదారు తన పన్నులో జమ చూపించుకోవచ్చు. బ్రిటన్ అలాంటిదే 1973లో మొదలుపెట్టి 1999 తరువాత వెనక్కి తగ్గింది. మన దేశం 1997 నుంచి 2020 దాకా, మధ్యలో ఒక్క ఏడాది తప్ప, డివిడెండు పన్నును కంపెనీ దగ్గరే వసూలు చేసి వాటాదారును చాలావరకు వదిలేసింది. దాంతో వంద వాటాలున్న రిటైర్డ్ టీచరుకూ లక్షల వాటాలున్న ప్రమోటరుకూ చాలా ఏళ్లు ఒకే రేటు పడేది. 2020 తరువాత ఎవరి స్లాబు వారిదే. తల్లి నుంచి పిల్లకు మారినట్టు పన్ను కంపెనీ నుంచి మనిషికి మారిన ఈ కథను రెండు పేపర్లుగా కోసి చెబితే ఎవరికీ సగం కూడా అర్థం కాదు.

న్యాయస్థానాలు ఈ గోడను ఎలా చూశాయి? 1950ల నాటి బచ్చా గుజ్దార్ కేసును లా కాలేజీలో తప్పక చెబుతారు. టీ కంపెనీ ఆదాయంలో 60 శాతం వ్యవసాయ ఆదాయం, కేంద్రం దాని మీద పన్ను వేయదు. అందులో వాటాదారు అయిన ఆవిడ, నా డివిడెండులోనూ 60 శాతం వ్యవసాయ ఆదాయమే కదా అంది. కాదంది సుప్రీంకోర్టు. కంపెనీ ఆస్తి కంపెనీది, వాటాదారుకు ఉన్నది వాటా మాత్రమే. తేయాకు తోటకూ డివిడెండుకూ మధ్య కంపెనీ అనే ఇంకో మనిషి నిలబడ్డాడు. ఈ ఒక్క తీర్పు అర్థమైతే మూడు వారాల పాఠం అర్థమైనట్టే. మన అరకు కాఫీకీ ఇదే వరస. పండించి, శుద్ధి చేసి గింజ అమ్మితే ఆదాయంలో 25 శాతం వ్యాపారంగా లెక్క. వేయించి పొడి చేసి అమ్మితే 40 శాతం. మిగిలింది వ్యవసాయం. అరకు పొడి అమ్మే కంపెనీ తన వాటాదారులకు డివిడెండు ఇచ్చినా బచ్చా గుజ్దార్ తీర్పే వచ్చి తలుపు తడుతుంది.

లా గదిలో ఎప్పుడూ సందడిగా ఉండే పాఠం పన్ను తప్పించుకోవడం గురించి. అందులో మన వాటా తక్కువేమీ కాదు. 1985 నాటి మెక్‌డోవెల్ కేసు హైదరాబాద్ మద్యం ఫ్యాక్టరీది. ఎక్సైజ్ సుంకాన్ని కొనుగోలుదార్లే నేరుగా ఖజానాకు కట్టేవారు కాబట్టి అది మా టర్నోవర్ కాదు, దాని మీద అమ్మకపు పన్ను లేదన్నది కంపెనీ వాదన. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకోలేదు. మెజారిటీతో ఏకీభవిస్తూనే విడిగా రాసినవారు జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పన్ను ఎగ్గొట్టే ఎత్తులకు న్యాయస్థానం ఆశీర్వాదం ఉండకూడదని ఆయన గట్టిగా చెప్పారు. అమ్మకపు పన్ను కేసు అయినా నలభై ఏళ్లుగా ఆదాయపు పన్ను వాదనల్లో దాన్నే పైకి తీస్తున్నారు. 2003లో మారిషస్ ఒప్పందం కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ధర్మాసనం మొత్తానిదిగా చూడకూడదంది. 2012 జనవరిలో విదేశంలో జరిగిన వాటాల అమ్మకం మీద పన్ను కేసులో వొడాఫోన్ గెలిచింది. అదే ఏడాది ప్రభుత్వం 1962 నుంచి వర్తించేలా చట్టాన్ని వెనక్కి తిప్పి రాసింది, 2021లో ఆ పని తప్పని ఒప్పుకున్నట్టుగా ఉపసంహరించుకుంది. 2017 నుంచి పన్ను ఎగవేత నిరోధక సాధారణ నిబంధనలు వచ్చాయి. చిన్నపరెడ్డి గారి వాదం తీర్పు తలుపు గుండా బయటికి పోయి చట్టం కిటికీ గుండా లోపలికొచ్చిందని నాకనిపిస్తుంది.

ఈ వరసలోనే 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటుంది. హెపటైటిస్-బి టీకాతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాటాలు ఒక ఫ్రెంచి కంపెనీ చేతిలో ఉండేవి. ఆ ఫ్రెంచి కంపెనీ వాటాల్నే సనోఫీ కొనేసింది. టీకా ఇక్కడ తయారవుతోంది, అమ్మకం మాత్రం ఫ్రాన్సులో జరిగింది. లాభం మీద పన్ను ఎవరిది? ఫ్రాన్సుతో ఉన్న ఒప్పందం ప్రకారం భారత్‌ది కాదంది హైకోర్టు, వెనక్కి తిప్పి రాసిన సవరణ ఒప్పందాన్ని మార్చలేదంది. అంతర్జాతీయ పన్ను అంటే నెదర్లాండ్స్, కేమన్ దీవుల సంగతి అనుకునే విద్యార్థికి ఈ కేసు మేడ్చల్ నుంచి మొదలవుతుందని చెబితే పాఠం మీద మనసు నిలుస్తుంది. నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటివి చదువుతారు. సాధారణ లా కాలేజీల్లో పన్ను చట్టం ఒక పేపరు. తీర్పు పూర్తి పాఠం చదివే అలవాటు ఉన్న చోట్లు తక్కువ, సారాంశాల గైడు చాలు. తీర్పులోని లెక్కను వేసి చూసే అలవాటు అయితే ఎక్కడా లేదు. లా విద్యార్థికి లెక్కంటే బెరుకు, కామర్స్ విద్యార్థికి తీర్పంటే బెరుకు.

పుస్తకాల లాభానికీ పన్ను లాభానికీ తేడా ఇంకో వదిలేసిన మూల. కంపెనీల చట్టం ఆస్తి ఎన్నేళ్లు పనిచేస్తుందో చూసి తరుగుదల లెక్కించమంటుంది. పన్ను చట్టం ఆస్తుల్ని గుంపులు కట్టి యంత్రాలకు 15 శాతం, కంప్యూటర్లకు 40 శాతం అంటుంది. వాటాదారులకు లాభం చూపించి పన్ను దగ్గర నష్టం చూపించే కంపెనీలు పెరిగాయని 1987లో, మళ్లీ 1996లో కనీస పన్ను తెచ్చారు. దీనికి తలకిందులైన ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రాసిన లేఖలో ఒప్పుకున్న వాటిలో 5,040 కోట్ల లేని నగదుతో పాటు 376 కోట్ల లేని వడ్డీ కూడా ఉంది. రాని వడ్డీని వచ్చినట్టు చూపితే దాని మీద పన్నూ కట్టాల్సి వస్తుంది. నిజంగా రాని ఆదాయం మీద పన్ను ఉంటుందా అన్న పాత వాదం ఆ తరువాత ఏళ్ల తరబడి అధికారుల దగ్గర, న్యాయస్థానాల్లో నలిగింది. అకౌంటింగ్ లెక్చరర్ సత్యాన్ని మోసం కేసుగా చెబుతాడు. అది పన్ను కేసు కూడా అని చెప్పాల్సిన వాళ్లు ఇంకో గదిలో ఉన్నారు.

ఎకనామిక్స్ గదిలో పన్ను అందంగా ఉంటుంది, మనుషులు తక్కువగా కనిపిస్తారు. ఆడం స్మిత్ నాలుగు సూత్రాలు, కట్టగల శక్తి సిద్ధాంతం, పన్ను భారం ఎవరి మీదికి జారుతుందన్న చర్చ. 1956లో నికొలస్ కాల్డార్ వచ్చి ఆదాయం, మూలధన లాభం, సంపద, దానం, ఖర్చు అన్నిటి మీదా పన్నులు వేసి ఒకదానితో ఒకటి సరిచూసుకోమన్నాడు. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 45 శాతం దాటనివ్వొద్దన్నాడు. ప్రభుత్వం ఆయన చెప్పిన పన్నులు తీసుకుంది, రేటు సలహా వదిలేసింది. ఆ కొత్త పన్నుల్లో ఖర్చు పన్ను 1966లో, దానపు పన్ను 1998లో, సంపద పన్ను 2015లో పోయాయి. అభిజిత్ బెనర్జీ, థామస్ పికెటీ 1922 నుంచి 2000 దాకా పన్ను లెక్కలు తిరగేసి దేశంలో పై అంతస్తు ఆదాయాల చరిత్ర రాశారు. పన్ను రిటర్ను సమాజానికి ఫొటో అని చూపిన పని అది. మన పీజీ విద్యార్థులు దాన్ని సిద్ధాంతంగా చదువుతారు, రిటర్ను ఎలా ఉంటుందో మాత్రం చూడరు.

కంపెనీ పన్నును చివరికి ఎవరు మోస్తారు? వాటాదారా, కార్మికుడా, కొనుగోలుదారా? 1962లో హార్బర్గర్ మొదలుపెట్టిన ఈ చర్చ ఇంకా తెగలేదు. 2019 సెప్టెంబరులో కంపెనీ రేటు తగ్గించినప్పుడు 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. 2023-24లో కంపెనీల నుంచి దాదాపు 9.11 లక్షల కోట్లు వస్తే, వ్యక్తుల వంటి ఇతర చెల్లింపుదార్ల నుంచి, షేర్ల లావాదేవీల పన్నుతో కలిపి, సుమారు 10.44 లక్షల కోట్లు వచ్చింది. మనిషి కంపెనీని దాటేశాడు. ఇది న్యాయమా అన్న చర్చకు కామర్స్ పేపర్లో చోటు లేదు, రేట్ల పట్టిక ఎకనామిక్స్ పేపర్లో లేదు.

మన నేల మీద అన్నిటికంటే పండే ప్రశ్న వ్యవసాయ ఆదాయం. రాజ్యాంగం దాన్ని రాష్ట్రాలకు వదిలింది, తెలుగు రాష్ట్రాలు ఇప్పుడు దాని మీద పన్ను వసూలు చేయడం లేదు. కేంద్రం 1973 నుంచి, కె.ఎన్. రాజ్ కమిటీ మాట విని, మిగతా ఆదాయానికి రేటు కట్టేటప్పుడు మాత్రం దాన్ని కలిపి చూస్తుంది. హద్దులు ఎక్కడ గీశారో చూస్తే తమాషాగా ఉంటుంది. భీమవరంలో చేప, రొయ్య చెరువు ఆదాయం వ్యవసాయం కాదు, పక్క చేలో వరి వ్యవసాయం. కోళ్ల ఫారం వ్యవసాయం కాదు. కడియం నర్సరీల్లో కుండీలో పెంచిన మొక్క నేలను దున్నిందా లేదా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2008 ఆర్థిక చట్టం నర్సరీ నారు, మొక్కల ఆదాయం వ్యవసాయమేనని తేల్చింది. భూమికి సంబంధించి ఇంకో రెండు మన కథలున్నాయి. డెవలపర్‌కు స్థలం అప్పజెప్పిన రోజే లాభం పుట్టినట్టు 2014లో ఉమ్మడి హైకోర్టు అంది. ఫ్లాటు చేతికి రాకముందే పన్ను కట్టాల్సి రావడంతో గగ్గోలు పుట్టి, 2017లో వ్యక్తులకు, అవిభక్త కుటుంబాలకు మాత్రం నిర్మాణం పూర్తయిన సర్టిఫికెట్ వచ్చిన ఏడాదికి దాన్ని జరిపారు. స్థలం కంపెనీదైతే ఆ వెసులుబాటు లేదు. అదే 2017లో అమరావతి భూ సమీకరణకు భూమి ఇచ్చిన, 2014 జూన్ 2 నాటికి దాని యజమానులైన వ్యక్తులకు, అవిభక్త కుటుంబాలకు మూలధన లాభం మినహాయించారు. మళ్లీ కంపెనీకి లేదు. తుళ్లూరు రైతు గురించి దేశం మొత్తానికి వర్తించే చట్టంలో ఒక నిబంధన ఉందని గుంటూరు బీకాం విద్యార్థికి తెలియకపోవడం ఎవరి తప్పు?

పుస్తకాల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. సింఘానియా, అహూజా-గుప్తా పుస్తకాలు దేశమంతటా ప్రాబ్లమ్స్‌కు ఆధారం, లాయర్లకు 1950 నుంచి కాంగా-పాల్కీవాలా. తెలుగు మీడియం విద్యార్థికి అకాడమీ పుస్తకం, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు, ఆపైన బజారు గైడు. పన్ను పుస్తకం ఏడాదికోసారి మారాలి, తెలుగు ముద్రణ ఆ వేగం అందుకోలేదు. అసలు పాఠ్యప్రణాళికను శాసిస్తున్నది సీఏ సంస్థే. ఇంటర్ మూడో పేపరులో ఆదాయపు పన్నుకు 50, జీఎస్టీకి 50 మార్కులు. దాని నీడలోనే బీకాం నడుస్తోంది. వృత్తి పరీక్షకు వడివడిగా లెక్క తేల్చేవాడు కావాలి. విశ్వవిద్యాలయం ఆ పనే ఇంకాస్త నెమ్మదిగా చేస్తే అది ఎందుకున్నట్టు?

బయటి దేశాల వైపూ ఈ చదువు అవసరం పెరిగింది. ఎన్నారై ఇండియాలో ఎన్ని రోజులున్నాడన్నది 182 దగ్గర ఆగడం లేదు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన పౌరుడికి 2020 నుంచి 120 రోజుల లెక్క వచ్చింది. అమెరికాలో చదివే మన పిల్లలకు 1989 ఒప్పందం 21వ అధికరణ ఒక అరుదైన వసతి ఇచ్చింది. మిగతా దేశాల విద్యార్థులకు సాధారణంగా దొరకని స్టాండర్డ్ డిడక్షన్ భారత విద్యార్థికి దొరుకుతుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో వేలమంది కామర్స్ పట్టభద్రులు అమెరికా వ్యక్తుల, భాగస్వామ్యాల, కార్పొరేషన్ల రిటర్నులు తయారుచేస్తున్నారు. ఆ ఫారాల్లో ఒకటి రెండోదానిలోకి ఎలా పారుతుందో ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటున్నారు. మన చట్టంలో అది ఎలా పారుతుందో మాత్రం వాళ్లకు ఎవరూ చూపించలేదు.

కొత్త చట్టం వచ్చినా పాతది వెంటనే పోదు. 2025-26 ఆదాయానికి రిటర్న్ 1961 చట్టం కిందే, 2026 ఏప్రిల్ జీతానికి టీడీఎస్ 2025 చట్టం కింద. హైదరాబాద్, విశాఖ ట్రిబ్యునల్ బెంచీల ముందు పాత సెక్షన్ల మీద వాదనలు ఇంకా చాలా ఏళ్లు సాగుతాయి. ఈ రెండు చట్టాల కాలంలో లెక్చరర్ పాత నంబరు కొట్టేసి కొత్తది రాసుకుంటే పని కాదు. సిలబస్ కమిటీలు ఎలాగూ కూర్చుంటాయి కాబట్టి ఒక్క సూచన. వ్యక్తి మొత్తం ఆదాయంతో ఆగిపోయే ఆఖరి యూనిట్ తీసేసి, ఒకే వ్యాపారాన్ని సొంత పేరు, భాగస్వామ్యం, కంపెనీ రూపాల్లో లెక్కించే యూనిట్ పెట్టాలి. దాంతోపాటే బచ్చా గుజ్దార్, మెక్‌డోవెల్ తీర్పుల్లో కొన్ని పేజీలు చదివించాలి. పరీక్షలో చట్టం పుస్తకం చేతిలో ఉంచుకోనివ్వాలి. 393వ సెక్షన్ పట్టిక ఎదురుగా ఉంటే ఏ వరసలో ఏముందో ఎవరైనా చూస్తారు. మిర్యాలగూడ అన్నదమ్ములకు ఏది మంచిదో, ఎందుకో, దాన్ని అధికారి ఎక్కడ పట్టుకోగలడో రాయమంటే జవాబు ఏ గైడులోనూ దొరకదు.